కుట్టిన వలకు కత్తెర

ఆదివారం, అంకులి

కోపం ఇంకా చల్లారలేదు. ఆర్యపల్లి బడిలో నేను నడిపే వీడియో తరగతి పిల్లలు, వలను పారవేయకుండా ఎలా బాగుచేసుకోవచ్చో ఒక పోటీ కోసం ఫోనుతో చిత్రం తీస్తున్నారు. ఫోను నిలిపే స్టాండును సైతం విరిగిన తెడ్డుతో వారే చేసుకున్నారు. ఆ ఊరి జాలరి అప్పలమ్మ గారు రెండు గంటలు కూర్చుని తమ వల చిరుగు కుట్టారు. వెలుతురు చాలలేదని, మళ్లీ తీద్దామని, పోటీవారు పంపిన శిక్షకుడు కుట్టిన చోటనే కత్తెర పెట్టాడు.

"ఏటి బాబూ, సినిగితే కుడతాం గానీ కుట్టిందాన్ని సింపుతారేటి? తెల్లారితే మావోడు దీన్తోనే ఏటకెల్లాల," అన్నారామె.

"ఒక్క షాట్ కోసమే కదా మౌసీ," అన్నాడతడు, పిన్నిని పిలిచినంత చనువుగా.

రాత్రిబడిలో చదివి పట్టా పొందినవాడిని. ఇటువంటి చదువు నాకెవరూ చెప్పలేదు. కత్తెర లాక్కున్నాను. ఆ మసక చిత్రం పోటీకి పనికిరాదన్నాడు. పనికిరాకపోనీ, దానినే పంపుతాను.

నేను అంకులికి తిరిగి బస్సెక్కే వేళకు పిల్లలు ఫోను పక్కన పెట్టి వల అంచులు పట్టుకున్నారు. అప్పలమ్మ గారు మళ్లీ మొదటినుండి కుడుతున్నారు. ఆ కుట్టడాన్ని మాత్రం ఎవరూ చిత్రం తీయలేదు. తెల్లవారేలోగా పూర్తవుతుందో లేదో...