చిల్లుకాణి పలికిన చోటు

2 సెప్టెంబరు 2007, ఆదివారం

పాకాలలో కాపురముండే సమస్త స్త్రీపురుషులకు, ముఖ్యంగా నా భార్య జ్ఞానాంబకు, ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఇకమీదట నా దువ్వెనతో ఈ ఇంట్లో ఎవరూ పేలు దువ్వరాదు. పెరుగన్నంలో ఊరగాయ ఎంత అనేది తినేవాడి ఇష్టం, వడ్డించేవారి ఇష్టం కాదు. నిన్న నేను మద్రాసు రిచీ స్ట్రీటు నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ పరికరాన్ని మెటల్ డిటెక్టర్ అని పిలవవలెను. నోరు తిరగనివారు మిషన్ అనవచ్చును. ఎవరో పారేస్తే ఎత్తుకొచ్చిన కర్ర అనరాదు. మీరినవారు రాత్రి భోజనమయ్యేదాకా నా జోకులు వినవలెను.

ఇట్లు, ధనంజయ, రేడియో ఫ్యాన్ రిపేరు, తొమ్మిదో తరగతి ఫెయిలు.

జ్ఞానాంబకు చదివి వినిపించాను. అయితే ఆ కర్రతో నా ముక్కుపుడక మర వెతుకు, పోయి నెలైంది అంది. సాయంత్రం దాకా ఇంటి ముందు మట్టి గోకాను. సోడా మూతలు, తుప్పు మేకులు, మాత్రల అట్ట రేకు. ప్రతిదానికీ బంగారమే దొరికినట్టు ఒకటే గోల. మర మాత్రం దొరకలేదు. అంత చిన్న బంగారం దీని కంటికి ఆనదంట. మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఉంది.

4 సెప్టెంబరు

కుప్పయ్య టీకొట్టులో పదిమంది ఉండగా వాడి బొజ్జ మీద మిషన్ తిప్పాను. గుయ్యిమంది. కుప్పయ్య మొహం పాలిపోయింది. చిన్నప్పుడు మింగిన పదిపైసలు ఇంకా ఈడనే ఉండాదేమోరా అబ్బా అని పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు దగ్గరికి బయల్దేరేదాకా చూసి అప్పుడు చెప్పాను. మిషన్ స్విచ్చే వేయలేదు. గుయ్యిమన్నది నేను. పెదవి కదపకుండా ముక్కుతో. స్కూల్లో ఇంటర్వెల్ బెల్లు ఇట్లాగే కొట్టి క్లాసులు ఖాళీ చేయించేవాణ్ణి. నా చదువు అక్కడ ఆగడానికి సగం కారణం ఆ బెల్లే.

కుప్పయ్య గ్లాసులు కడిగిన నీళ్లు నా మీద పోశాడు. మిషన్ తడవలేదు, సంతోషం.

9 సెప్టెంబరు

చంద్రగిరికి పోయాను. కోట దగ్గర దిగి, మిషన్‌కున్న గుడ్డ విప్పబోతుంటే పల్లీలమ్మే ముసలాయన చెప్పాడు. ఈ కర్ర పట్టుకోని కోట చుట్టూ తిరిగితే జైలేనప్పా, పోయినేడు ఎవురినో జీపెక్కించినారు అని. తర్వాతి బస్సుకే వచ్చేశాను. గుడ్డ విప్పనేలేదు.

16 సెప్టెంబరు

ఒకసారికి ఆరు పెన్సిల్ సెల్లు మింగుతుంది. పూట తిరక్కుండా మళ్లీ నోరు తెరుస్తుంది. ఇంట్లో గోడ గడియారం ఆగి పది రోజులు. దానికి ఒక సెల్లు వేయవు, కర్రకు ఆరేసి మేపుతావా అని జ్ఞానాంబ.

22 సెప్టెంబరు

పెరట్లో పరీక్ష పెట్టాను. రూపాయి బిళ్లను వేలెడు లోతులో పూడిస్తే పాట పాడింది. జానెడు లోతులో గొణిగింది. మూర లోతులో పూడిస్తే రాయి. ఎన్నిసార్లు తిప్పినా రాయి. భూమి లోపల ఏముందో చెప్పే మిషన్ అని అమ్మినవాడు ఎంత లోపల అనేది చెప్పలేదు. నేనూ అడగలేదు. ఊళ్లో అందరికీ టోపీలు పెట్టేవాడికి వాడు పెట్టాడు.

30 సెప్టెంబరు

ఈరోజు జోకులు లేవు.

సుబ్బులమ్మక్క షాపుకు వచ్చింది. మా వెనక వీధి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన శాంతయ్య భార్య. ఆయన పోయి రెండేళ్లు. స్టూలు వేస్తే ఎక్కకుండా నేల మీద కూర్చుంది. తర్వాత అడిగింది, ఏమబ్బా ధనంజయా, నీ మిషను రాగిని గూడా కనిపెడతాదంట నిజమేనా అని. రాగి, ఇత్తడి, నీ మనసులో గుట్టు కూడా కనిపెడుతుందక్కా అన్నాను. నవ్వలేదు. అప్పుడు నేను చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాను.

నలభై ఏళ్ల కింద ఆమెకు ఒక పాప. పేరు మునెమ్మ. ఐదు నెలలకు పోయింది. మావైపు పళ్లు రాని బిడ్డను కాల్చరు, పూడుస్తారు. తల్లిని రానివ్వరు. ఎక్కడ పూడ్చిందీ తల్లికి చెప్పరు. చెబితే మళ్లీ కడుపు పండదని పెద్దవాళ్ల భయం. శాంతయ్య చెప్పలేదు. ఆమె అడగలేదు. కడుపు మాత్రం పండలేదు.

ఆమెకు తెలిసింది ఒక్కటే. ధర్మవరం లైను పక్కన పసిబిడ్డల్ని పెట్టే బీడు ఉంది. ఆయన సుత్తి భుజాన వేసుకుని రోజూ నడిచే దారి అది. ఆ బీడులో ఎక్కడో పెట్టాడు. పూడ్చే ముందు మొలతాడు తెంచేస్తారు. తెంచొద్దని ఆమె మొగుడి కాళ్లు పట్టుకుంది. ఆ మొలతాడుకు దిష్టి తగలకుండా చిల్లుకాణి కట్టింది ఆమే. నడుమ బొక్క ఉండే పాతకాలం రాగి నాణెం. ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అంటే కాణి బిడ్డ నడుముకే ఉంది.

ఇప్పుడు ఆ లైనులో మీటరుగేజి పట్టాలు పీకేశారు. బ్రాడ్‌గేజికి కట్ట వెడల్పు చేస్తున్నారు. టిప్పర్లు మట్టి పోసుకుంటూ బీడు వైపే వస్తున్నాయి. కట్ట కింద పడితే ఇంకెవరికీ దొరకదు. ఆమెకు ఆ చోటు నుంచి గుప్పెడు మట్టి కావాలి. శాంతయ్య సమాధిలో కలపాలి. ఆయప్ప ఒంటిగా ఉండాడబ్బా, బిడ్డనన్నా పక్కన పెడతాను అంది.

పసిబిడ్డనైనా నడుము లోతులో పూడుస్తారు, నక్కల భయానికి. మూర లోతు సంగతి నేను చెప్పలేదు. రేపే పోదాం అక్కా అన్నాను. నా నోటిని చెప్పుతో కొట్టాలి.

1 అక్టోబరు

అది బీడు కాదు, పాత ఇనుప కొట్టు. నూరేళ్లుగా రైళ్లు రాల్చినదంతా అక్కడే ఉంది. బోల్టులు, పట్టాల మేకులు, బ్రేకు ముక్కలు. అడుగేస్తే గుయ్యి, అడుగు తీస్తే గుయ్యి. ఇనుము వద్దు అని చెప్పే మీట ఒకటుంది మిషన్‌కు. అది తిప్పితే ఇనుముతోపాటు రాగినీ వద్దంటుంది, మా మామ లాగా. పైన కరెంటు తీగల కిందికి పోతే ఏ లోహమూ లేకుండానే దానంతటదే ఏడుస్తుంది.

ఆడమనిషి శ్మశానంలోకి రాకూడదు కదమ్మా అని మేకలు కాసే ముసలాయన సుబ్బులమ్మక్కను నిలదీశాడు. ఇప్పుడిది సుడుకాడు గాదు, రైల్వే జాగా, రైల్వే జాగాలోకి ఎవురైనా రావచ్చు అంది. చెప్పులు విడిచి వచ్చింది. బోల్టుల మధ్య పాదాలు చూసుకుంటూ నడిచింది, ఎక్కడ తొక్కుతానో అన్నట్టు.

6 అక్టోబరు

ధనంజయకు లంకెబిందెలు దొరికాయని ఊరంతా పుకారు. పుట్టించింది కుప్పయ్యేనట, బొజ్జకు బదులు తీర్చుకున్నాడు. బీడు చుట్టూ జనం. మాకేం భాగమప్పా అని ఒకడు నాతో నిజంగానే బేరం పెట్టాడు. కానిస్టేబుల్ సైకిలేసుకుని వచ్చి మిషన్ లాక్కున్నాడు. స్టేషన్‌కు నడువు, కథలన్నీ ఆడ చెబుదువు అన్నాడు.

కుప్పయ్య కూడా ఆ జనంలోనే ఉన్నాడు. సుబ్బులమ్మక్క ముందుకొచ్చి తనే చెప్పింది. పదిమంది మగాళ్ల ముందు, బిడ్డ పేరుతో సహా. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. కానిస్టేబుల్ మిషన్ తిరిగి నా చేతికిచ్చి, కాలికి తగిలిన బోల్టు ఒకటి తీసి అవతల పారేశాడు. గుంతలు పూడ్సి పోండి అని మాత్రం అన్నాడు.

కుప్పయ్య పోలేదు. పార తెస్తానుండు అన్నాడు.

11 అక్టోబరు

దొరికింది అనుకున్నాం.

గుండ్రంగా, మట్టి పట్టి, నడుమ బొక్క. కుప్పయ్య పార కింద పడేశాడు. సుబ్బులమ్మక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని కొంగుతో తుడిచింది. బొటనవేలితో బొక్క తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత తిరిగిచ్చేసింది. ఇది సానా బరువుండాదబ్బా, పసిబిడ్డ నడుముకు ఇంత బరువు నేను కట్టను అంది.

బోల్టు వాషరు. ఇరవై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. వాషరు నేను గుర్తుపట్టలేకపోయాను.

15 అక్టోబరు

వాన. టిప్పర్లు ఆగాయి. మిషన్ కూడా. తడి నేల మీద పెడితే పిచ్చెక్కినట్టు అరుస్తుంది.

20 అక్టోబరు

వాన తెరిపిచ్చింది. మంగళవారం ఇక్కడ పోస్తామన్నా అని టిప్పరు డ్రైవరు చెప్పాడు. చెప్పి తల తిప్పుకున్నాడు. వాళ్లు పోసే హద్దుకు వరసగా తెల్లరాళ్లు పాతారు. బీడులో ముప్పాతిక భాగం రాళ్లకు ఇవతలే ఉంది. అవతల మిగిలేది చిన్న చెక్క.

సుబ్బులమ్మక్క షాపుకొచ్చి నేల మీద కూర్చుంది. పోనీలే ధనంజయా, ఆయన తెలీనీకుండా పెట్టినాడు, తెలీకుండానే పోనీ అంది. నేను ఏదో రేడియో విప్పుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను. లోపల వాల్యూమ్ కంట్రోల్ ఎక్కడుందో కూడా కనబడలేదు.

ఆమె లేచి పోతూ, గుమ్మం దగ్గర ఆగి, ఆఖరుగా ఒక్కసారి తిప్పుతావా అంది.

22 అక్టోబరు, సోమవారం

పలికింది.

పొద్దున్నే పోయాం. నేను, సుబ్బులమ్మక్క, కుప్పయ్య. గాలి లేదు. మిషన్ పొద్దుటి నుంచీ మూగగానే ఉంది. వానకు చెడిందేమో అనుకున్నాను. బోల్టుల మీద తిప్పినా ఉలకలేదు. ఇవతలంతా తిప్పాను. ఉలకలేదు. తెల్లరాళ్లు దాటి అవతలి చెక్కలోకి వచ్చాను. అక్కడ తంగేడు పొద ఒకటుంది. దాని మొదట్లో పలికింది. సన్నగా. ఇనుముకు పలికినట్టు మొరటుగా కాదు. పసిబిడ్డ నిద్రలో మూలిగినట్టు.

కుప్పయ్య పార ఎత్తాడు. సుబ్బులమ్మక్క వాడి చేయి పట్టుకుంది. తవ్వొద్దబ్బా, నిద్ర చెరపొద్దు అంది. మోకాళ్ల మీద కూర్చుంది. చెవి నేలకు ఆనించింది. ఇంకొకసారి పలికించబ్బా అంది. పలికింది. అప్పుడు ఏడ్చింది. నలభై ఏళ్లు దాచుకున్న ఏడుపు పెద్దగా ఉంటుందనుకున్నాను. గొంతు కూడా రాలేదు.

తర్వాత చేత్తోనే గుప్పెడు మట్టి తీసి కొంగున ముడేసుకుంది. రాళ్ల వైపు చూసి, ఈడ మట్టి పోయరు కదా అని అడిగింది. పోయరక్కా, రాయికి అవతల కదా అన్నాను. అయితే మళ్లీ రావచ్చు నేను అంది. ముడి పట్టుకుని ముందు నడిచింది. ఈసారి పాదాలు చూసుకోలేదు.

కుప్పయ్య నా పక్కన నడిచాడు. నా మొహం చూశాడు.

23 అక్టోబరు

శాంతయ్య సమాధి మీద మట్టి కలిపింది. అటు బీడులో టిప్పర్లు మొదలయ్యాయి.

28 అక్టోబరు

బీడు లేదు. కట్ట ఉంది. తంగేడు పొద దగ్గర సుబ్బులమ్మక్క కూర్చుని ఉంది. పలకరించకుండా వచ్చేశాను.

టీకొట్టులో ఎవడో, ఏమప్పా, ఈరోజు ఎవురి బొజ్జలో దుడ్లు వెతకలేదా అన్నాడు. కుప్పయ్య వాణ్ణి కసిరాడు. టీ గ్లాసు నా ముందు పెట్టి, గొంతు నొప్పి తగ్గిందారా అన్నాడు. నాకు గొంతు నొప్పి అని నేను వాడికి చెప్పలేదు.

4 నవంబరు

22వ తేదీ సోమవారం పేజీలో రాసింది అబద్ధం. ఆ బీడులో మిషన్ పనిచేస్తే బోల్టులకు పలుకుతుంది, బిడ్డకు పలకదు. అందుకే ముందు రోజే ఆరు సెల్లూ తీసేశాను. ఒకటి మా గోడ గడియారంలో ఉంది. బాగా నడుస్తోంది.

పలికింది నేను. రెండుసార్లూ.