అరవై మూడు కొట్టేసి సున్నా

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చైత్రకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. ఒంటి వరకు చూసుకుంటే అది నిజమే. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది, మీ అమ్మ రోజూ బడికి వెళ్ళొస్తోంది, నా బీపీ మాత్రలకి లొంగి ఉంది. మిగతా క్షేమం సంగతి ఉత్తరం పూర్తయ్యాక నువ్వే తేల్చుకుందువు.

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. ఆ కొండల్లో సిగ్నల్ లేదు గనక మన ఇంటికి మళ్ళీ ఉత్తరాలొస్తున్నాయని అమ్మ సంబరపడింది. అవ్వకి నేనే చదివి వినిపించాను. కొండచరియలు ఎక్కడ జారతాయో ముందుగా కొలిచే పని నీదని చెబితే, "జారేది ముందే తెలిస్తే, ఆ కిందుండే వాళ్ళకి చెప్తారా, లేకుంటే రాసుకొని వచ్చేస్తారా?" అని అడిగింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను, ఏ సదస్సులోనూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. మజ్జిగ తాగుతావా అని మాట మార్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నువ్వడిగినవి మూడు. జెర్కిన్ ఈ పార్సెల్లోనే ఉంది, కింద ఉన్న ఊలు సాక్సులు అవ్వ పెట్టించింది. అక్కడి సంస్థ వాళ్ళు పర్మనెంటుగా ఇస్తామన్న ఉద్యోగంలో చేరాలా వద్దా అని అడిగావు. మా ఆఫీసులో మౌనిక అక్క ఎందుకు మానేసింది, ఫోన్ ఎందుకు తీయడం లేదు అని కూడా అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే కావడం నా ఖర్మ.

ముందు వరదల ముప్పు లెక్కగట్టే మా వృత్తి గురించి చెబుతాను. పుస్తకాల్లో రాయని సంగతి ఇది. వంతెన కూలితే ఇంజనీరుకి ఉద్యోగం పోతుంది. ఊరు మునిగితే మాకు ఉద్యోగం పెరుగుతుంది. సెప్టెంబరు వాన తర్వాత నన్ను నాలుగు టీవీల వాళ్ళు పిలిచారు. రెండు కమిటీల్లో వేశారు. మా డైరెక్టరు తిమ్మరాయప్పగారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు, ఆ కుర్చీకి నా పేరే వినిపిస్తోంది. నా బయోడేటా తీసి చూశాను. ప్రతి మెట్టు కిందా ఒక వరద ఉంది. అవ్వ టీవీలో నన్ను చూసి, "బాగా మాట్లాడితివప్పా, మొకమేలనో వాడిపోయిండాది" అంది. టీవీ వాళ్ళ లైట్ల వల్ల అలా కనిపిస్తుందన్నాను.

ఆ వాన సంగతి నీకు సగమే తెలుసు. కె.ఆర్.పురం దాటాక ఒక చిన్న చెరువుంది, దాని కట్ట కింద పల్లంలో అపార్ట్‌మెంట్లు కడుతున్న కూలీల రేకుల షెడ్లున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి చెరువు నిండి, అదనపు నీళ్ళు పోయే మరవ పారింది. అరగంటలో షెడ్లలో నడుము పైకి నీళ్ళు. చాలామంది పనిలో, పైన స్లాబు మీద ఉన్నారు. మల్లయ్య అనే అతను కాలు విరిగి, కట్టుతో షెడ్డులో పడుకుని ఉన్నాడు. అతని భార్య సుంకమ్మ మూడో అంతస్తులో ఇటుకలు మోస్తోంది. ఆమె దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఒక్కడే కదప్పా పోయింది. ఇంత వానకి అది చాలా తక్కువ" అన్నారు తిమ్మరాయప్పగారు. మంచి మనిషే. ఆ మాట అంటూ నాకు టీ కూడా పోశారు.

ఊరంతటికీ వరద ప్రమాదం మ్యాపు వేసింది మా బృందమేనని నీకు తెలుసు. ఆ మ్యాపులో ఎర్రగా ఉన్న చోట సైరన్ పెడతారు, అక్కడి వాళ్ళ ఫోన్లకి హెచ్చరిక పంపుతారు. ఆ పల్లం మ్యాపులో ఆకుపచ్చగా ఉంది. సైరన్ లేదు, ఫోన్ రాలేదు. ఎందుకు పచ్చగా ఉందో నీలాంటి చదువుకున్న పిల్లకి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మేం నీటి ముప్పుని అక్కడుండే మనుషుల సంఖ్యతో గుణిస్తాం. ముప్పు ఎంతైనా కానీ, మనుషులు సున్నా అయితే ప్రమాదమూ సున్నాయే. ఆ పల్లంలో మనుషులు సున్నా అని ఉంది.

ఇక మౌనిక. వాళ్ళ నాన్న నాగర్‌కర్నూల్ నుంచి మేస్త్రీ పనికి వచ్చిన మనిషి. ఆ పిల్ల పదో క్లాసు వరకూ అలాంటి రేకుల షెడ్డులోనే చదివింది. మన డైనింగ్ టేబుల్ మీద నీకు లెక్కలు చెబుతూ, మీ అమ్మ చేసిన ముద్ద, పులుసు తింటూ ఈ కథలన్నీ నీకు చెప్పే ఉంటుంది. మా దగ్గర కాంట్రాక్టు ఉద్యోగి. జనవరిలో ఆ పల్లానికి సర్వేకి వెళ్ళింది తనే.

మా ఫారంలో ఇంటి నంబరు, కరెంటు మీటరు నంబరు అనే గడులుంటాయి. ఆ రెండూ లేకపోతే అది ఇంటి కింద లెక్కకి రాదు, ఇల్లు లేకపోతే మనుషులు లేరు. ఈ లెక్కలో మౌనిక ఒక్క వరుస కూడా రాయకుండా వెనక్కి రావాలి. కానీ తను ఫారం వెనక్కి తిప్పి పేర్లతో సహా అందర్నీ రాసుకొచ్చింది, ముందుపక్క ఒక వరుసలో అరవై మూడు అని వేసింది. నా బల్ల మీద పెట్టి, "వీళ్ళకి మీటర్లు లేవు సార్, మనుషులైతే ఉన్నరు. పోయిన వానకి నీళ్ళు ఎందాక వచ్చినయో ఒకామె రేకు మీద గీత చూపించింది" అంది.

అప్పటి వరకూ జరిగింది నువ్వు మౌనిక దగ్గర విన్నా వినకపోయినా ఫరవాలేదు. ఇక్కడి నుంచి నేనే చెప్పాలి.

ఆ అరవై మూడు ఉంచితే కార్మిక శాఖ వాళ్ళ సంతకం కావాలి. దానికి నాలుగు నెలలు పడుతుంది. ఏప్రిల్ సదస్సులో మ్యాపు విడుదల చేయాలి, వేదిక మీద నేనే మాట్లాడాలి. "బిల్డింగ్ అయిపోతే షెడ్లు లేచిపోతాయి, మన మ్యాపు పదేళ్ళ కోసం" అన్నాను మౌనికతో. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో చూడు. ఆమె చూస్తుండగానే పెన్సిల్ తీసి అరవై మూడుని కొట్టేసి, పక్కన సున్నా వేసి, కింద పొట్టి సంతకం పెట్టాను. "మా దగ్గరైతే నీళ్ళు బిల్డింగ్ అయ్యేదాక ఆగలే సార్" అంది, అంతే. వెళ్ళి కంప్యూటర్లో సున్నా ఎక్కించింది.

మా ఆఫీసు పద్ధతి అది. పెద్దవాళ్ళు కాగితం మీద దిద్దుతారు, చిన్నవాళ్ళు తమ లాగిన్‌తో ఎక్కిస్తారు. ఇప్పుడు విచారణలో కంప్యూటర్ ఏం చెబుతోందంటే, ఫలానా రోజు మౌనిక లాగిన్ నుంచి అరవై మూడు పోయి సున్నా వచ్చిందని. నా పేరు ఎక్కడా లేదు.

ఆ విచారణ కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. నవ్వొస్తే నవ్వుకో. ఆ మ్యాపు గురించి నాకంటే తెలిసినవాళ్ళు లేరట.

వాన తర్వాత మూడో రోజు నేను రికార్డు గదికి వెళ్ళి ఆ ఫారాల కట్ట విప్పి, ఆ ఒక్క కాగితం తీసి బ్యాగులో పెట్టుకున్నాను. భద్రపరచడానికి అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం తల్లీ. చించేద్దామనే తీశాను. చించడానికి ధైర్యం చాలలేదు, బయట పెట్టడానికీ చాలలేదు. నెల రోజులుగా అది నా బ్యాగులో టిఫిన్ డబ్బా కింద నాతోపాటు ఆఫీసుకొచ్చి ఇంటికొస్తోంది.

మొదటి విచారణ రోజు మౌనిక, "ఫారం మీద దిద్దింది ఉంది సార్, తెప్పించి చూడున్రి" అంది. మనిషిని పంపారు. దొరకలేదన్నారు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "సార్, మీరైనా చెప్పున్రి" అంది. నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "ఫారం దొరికితే చూద్దాం" అన్నాను. అప్పుడు కూడా ఆ కాగితం నా కుర్చీ పక్కనే బ్యాగులో ఉంది.

ఒకటో తారీఖున ఆమె కాంట్రాక్టు ఆపేశారు. జిగణిలో ఏదో ప్యాకింగ్ కంపెనీలో చేరిందని విన్నాను. రేపు సోమవారం రిపోర్టు మీద సంతకాలు. అందులో "కాంట్రాక్టు సిబ్బంది నిర్లక్ష్యం" అని ఉంది. ఆ ముక్క పడితే ఈ దేశంలో ఏ సంస్థా ఆమెని గుమ్మంలోకి రానివ్వదు. నీ ఫోన్ ఎందుకు తీస్తుంది చెప్పు? నువ్వు నా కూతురివి.

పోయిన వారం కమిటీ తరఫున సుంకమ్మని కలిశాను. ఆదోని వైపు మనిషి. నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే ఆ మధ్యాహ్నం అన్నం తినేవాణ్ణి. "ఆ పాప వచ్చి మా పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ రాసుకొని పాయె సార్. నీళ్ళొస్తే చెప్పేదానికేనని మా ఇంటాయన అందరికీ చెప్తాండె. ఆ పొద్దు గూడా పక్క షెడ్డు ముసలామె పోదాం రా అని పిలిస్తే, ఫోన్ రానీలే అన్నాడంట. ఫోన్ చేతిలో పట్టుకొనే ఉన్నాడు సార్. రాసుకున్నాక గూడా మేముండేది మీకు తెలియల్యా?" అంది.

మేం అసలు వెళ్ళకుండా ఉంటే ఆ మల్లయ్య కుంటుకుంటూ అయినా చెరువు కట్ట ఎక్కేవాడు. మమ్మల్ని నమ్మి ఆగాడు. ఇది ఏ రిపోర్టులోనూ రాయరు. నాకు సిగ్గుగా ఉంది చైత్రా. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నీ ఉద్యోగం సంగతి. చేరమని చెప్పే అర్హత నాకు లేదు, వద్దని చెప్పేది అంతకన్నా లేదు. చేరితే మాత్రం ఒక్కటి గుర్తుంచుకో. మనుషుల్ని రాసుకున్నావంటే వాళ్ళకి మాట ఇచ్చినట్టే. ఫారంలో గడి లేదని పైవాళ్ళు అంటారు. గడి నువ్వే గీయి. ఎవరైనా పెన్సిల్ తీస్తే, నీ నాన్నలాంటి వాడైనా సరే, చెయ్యి పట్టుకో.

రేపు కమిటీలో నిజం చెబుతాను. ఇదే మాట నెల రోజులుగా ప్రతి ఉదయం స్నానం చేస్తూ అనుకుంటున్నాను, బట్టలేసుకునేసరికి మారిపోతున్నాను. నన్ను నేను నమ్మడం మానేశాను. అందుకని ఆ కాగితం ఈ పార్సెల్లో, జెర్కిన్ లోపలి జేబులో పెట్టాను. అసలు కాగితమే. ఫొటో తీసుకోలేదు, జిరాక్సు లేదు. ఈ సాయంత్రమే కొరియర్లో వేసేస్తాను. ఇక చించుదామన్నా నా దగ్గర ఉండదు.

ఇది అందాక కిందున్న ఊళ్ళోకి దిగి, సిగ్నల్ దొరికిన చోట నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్పేశానంటే నా మాట నమ్మకు. మౌనికకి చెయ్యి, ఈసారి తీసేదాకా చెయ్యి. ఆమె అవునంటేనే అవును. కాదంటే ఆ కాగితం నేరుగా ఆమె చేతిలో పెట్టు. నన్ను అడగొద్దు, మీ అమ్మనీ అడగొద్దు, నా కుర్చీ గురించి ఆలోచించొద్దు.

సున్నా పక్కనున్న పొట్టి సంతకం ఎవరిదో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకటో క్లాసు నుంచి నీ ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టిన సంతకమే అది.

ఇట్లు,
నీ నాన్న,
రామాంజి