నలభై మూడో పేరు

బంగారుతల్లికి, చేతిలో కత్తెర పక్కన పెట్టి మరీ నాన్న రాస్తున్నది.

అమ్మా! దర్జీల కోసం నువ్వు చేసిన యాప్ చూశాను. కాళ్లు నేల మీద నిలవడం లేదనుకో! వీధి వీధంతా తిరిగి చూపించాను. కానీ చివర ‘లైసెన్సులు’ అనే పేజీలో ఎవరివో నలభై రెండు పేర్లున్నాయేమిటి? కష్టం నీది, పేరు వాళ్లదా? పీకి పారెయ్!

పట్టరాని సంతోషంతో,
నాన్న

తా.క.: నీ పేరు కోసం వెతికి వెతికి కళ్లజోడు తుడిచిందే తుడవడం.

*

నాన్నకు నమస్కారాలు.

పీకకూడదు నాన్నా! వాళ్లంతా తాము రాసిన కోడ్‌ని ఊరికే ఇచ్చారు. వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాకపోతే వాళ్ల పేరు, వాళ్ల షరతుల కాగితం యాప్‌తో పాటే వెళ్లాలి. లేదంటే మనకి అమ్మే హక్కే లేదు. సోమవారం ఒక బట్టల కంపెనీ మన యాప్ తీసుకుంటోంది. ఏది ఎవరిదో వాళ్ల లాయరమ్మ ఒక్కొక్కటీ సరిచూస్తోంది. ఇది తప్పిపోతే నా ఆఫీసుకి తాళమే.

నీ చిట్టి

తా.క.: ఆ పేజీ చివరిదాకా చదివిన మనిషివి ప్రపంచంలో నువ్వొక్కడివే.

*

చిట్టితల్లికి, సిగ్గుపడుతూ, గంతులేస్తూ నాన్న.

ఎంత మంచివాళ్లమ్మా! తెలియక నోరు పారేసుకున్నాను. అందుకే నలభై రెండు మందికీ ఉత్తరాలు రాశాను. ఎదురింటి టీచరమ్మ వాళ్ల భాషలోకి మార్చి, జవాబులు నీకే వచ్చేలా కంప్యూటర్లో పంపింది. “అయ్యా, చంక దగ్గర గుడ్డ ఎంత వదలాలో చెప్పే మీ లెక్క అద్భుతం! నలభై ఏళ్లు కత్తెర పట్టినా నాకింత బుర్ర లేకపోయింది” అని.

నాన్న

తా.క.: అందరికీ అదే ఉత్తరం. ఎవరిది ఏ పనో నాకేం తెలుసు?

*

నాన్నోయ్, ఎంత పని చేశావ్!

లాయరమ్మ నా పక్కన కూర్చుని ఉండగా జవాబులు వచ్చిపడ్డాయి. “ఆ లెక్క నాది కాదు” అని అందరిదీ ఒకటే మాట! “మరెవరిది?” అంటూ ఆవిడ ఫైలు మూసేసింది. నాన్నా, అది నీ పాత నోటుబుక్కులోది. నాన్నదేగా అని అడక్కుండా తీసుకున్నాను. సోమవారంలోగా నీ షరతులు రాసి, సంతకం పెట్టి పంపు. లేకపోతే అంతా గోవిందా.

చిట్టి

తా.క.: ఆశీర్వాదాలు చెల్లవట. షరతులే కావాలట.

*

లాయరమ్మగారికి, చిట్టికి, ఇక ముందు చొక్కా కుట్టబోయే వాళ్లందరికీ.

నన్ను నేనే నలభై రెండు ఉత్తరాల్లో పొగుడుకున్నానా! ఒళ్లంతా పులకరిస్తోంది. రాసుకోండి: ఈ లెక్క ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చొక్కా బిగిసిందని మాత్రం నా మీదికి రాకూడదు. పొట్టలకు నాది పూచీ కాదు. ఈ కాగితం, నా పేరు ఎప్పుడూ లెక్క వెంటే ఉండాలి.

ఇట్లు, ఉబ్బితబ్బిబ్బవుతున్న
దర్జీ

తా.క.: చిట్టీ, అమ్మను రాస్తున్నాను. పెళ్లైన కొత్తలో ఈయన కుట్టిన ప్రతి చొక్కా చంకలో చిరిగేది. కూర్చోబెట్టి ఆ లెక్క కట్టిచ్చింది నేను. ఈయన నోటుబుక్కులో ఎక్కించుకున్నారు, అంతే. షరతులు బాగున్నాయి, అవే ఉంచు. పైన సంతకం కొట్టేసి నాది పెట్టాను.