కొండపీతకు మొదటి చేప

1982 ఆగస్టు, మంగళవారం

నాన్న నమ్మే కొండపీత ఓడంత ఉంటుందట. సముద్రం అడుగున కుళ్లంతా అదే తింటుందట. అది విడిచిన డొప్పల్లో చేపలు గుడ్లు పెడతాయట. అందుకే వలలో పడిన మొదటి చేపను దానికే వదిలేస్తాడు.

నాకేమో పోర్టులో సముద్రం అడుగు తవ్వే ఓడ మీద ఉద్యోగం. పొద్దున విసుగెత్తి అనేశాను: "అడుగునంతా నల్ల బురదే నాన్నా. పీతా నేదు, గీతా నేదు."

"నువ్వు తవ్వీసినాక అదెక్కడుంటాదిరా?" అన్నాడు.

క్యారేజీ అందుకుని డ్యూటీకి వెళ్లిపోయాను.

సాయంత్రం ఆయన ఖాళీ బుట్టతో వచ్చాడు. అమ్మ అడిగితే, "ఇయ్యాల పడిందే ఒక్క సేప. మొదటిది గదే, వదిలీసినాను" అన్నాడు.

ముగ్గురం చారు పోసుకుని తిన్నాం. రేపు మళ్లీ అక్కడే తవ్వాలి నేను.