వాడుకలో లేని అర్థం

బుజ్జక్కా,

నువ్వు జవాబు రాయకపోయినా రాస్తూనే ఉంటాను, నాకు సిగ్గు లేదని నీకు తెలుసుగా. ఇది నాలుగో ఉత్తరం. ఎప్పటిలాగే పోస్టు చేయమని మీ మరిది చేతికిస్తున్నాను.

వేరే ఊళ్లోని నిఘంటువు ఆఫీసులో నాకు పెద్ద ఉద్యోగం వచ్చింది. మీ మరిది రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. మూడో రోజు నా కంచం పక్కన ఇంగ్లీషులో ఓ చీటీ పెట్టారు: "ఐ షల్ లెట్ యువర్ గోయింగ్." ఇక్కడ మేమిద్దరం పనిచేసే నిఘంటువు ఆఫీసులో పాత ఇంగ్లీషు మాటల పని ఆయనదే కదా, వ్యాకరణం కూడా ఆ కాలానిదే అనుకుని నవ్వాను. వెళ్లనిస్తానన్నారు, అంతే చాలు.

"కాస్త సరిగ్గా రాయొచ్చుగా అండీ?"

"సరిగ్గానే రాశాను. ఎప్పటికైనా అర్థమవుతుందిలే."

ఒకటే చిరాకు. ఆ ఊరెళ్లే సాయంత్రం రైలు రెండుసార్లు తప్పిపోయింది. ఇంట్లో బయలుదేరేటప్పుడు బోలెడు టైముంటుంది, స్టేషన్‌కి వెళితే రైలుండదు. చేతి గడియారం కూడా ఎక్కడో పారేసుకున్నాను. నాది నత్తనడక అంటారాయన. ఉద్యోగంలో చేరడానికి శుక్రవారమే ఆఖరు.

నీ చిట్టి

* * *

బుజ్జక్కా,

ఇవాళ గురువారం. ఆయనకి జ్వరమని, ఆయన మాటల అర్థాలు రాసే కార్డులు నా బల్ల మీదికొచ్చాయి. అందులో 'లెట్' ఉంది. వెళ్లనివ్వడం అనే లెట్ కాదు. అదే స్పెల్లింగుతో పూర్వం ఇంకో క్రియ ఉండేదట. దాని అర్థం అడ్డుకోవడం. 'లేట్' అనే మాటకి దగ్గరి చుట్టం, అంటే ఆలస్యం చేసి ఆపడం. ఆయన చీటీని ఆ అర్థంతో మళ్లీ చదువుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికెళుతూ పక్కింటి గడియారం చూశాను. మా ఇంట్లోది దానికన్నా అరగంట వెనకుంది. రోజూ ఆఫీసుకి ఆయన వెంటే వెళ్తాను కాబట్టి ఎప్పుడూ గమనించలేదు. ఆయన సొరుగు తీశాను. నా చేతి గడియారం, దాని కింద నీకు రాసిన నాలుగు ఉత్తరాలు, అంటించిన స్టాంపులతో సహా. నువ్వు పలకడం లేదని ఎంత తిట్టుకున్నానో, క్షమించు.

"ఏం వెతుకుతున్నావ్?" గదిలోంచి ఆయన గొంతు.

"మీ జ్వరం బిళ్లలండీ."

"రైలుకింకా బోలెడు టైముందిలే. నిదానంగా బయలుదేరు."

అంత ప్రేమగా అన్నారక్కా. నాకు భయం వేసింది.

స్టేషన్ గడియారం కింద కూర్చుని రాస్తున్నాను. రైలు ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. పాత ఉత్తరాలూ ఇదీ కలిపి నా చేత్తోనే డబ్బాలో వేస్తాను.

వచ్చేముందు ఆఫీసుకెళ్లాను. ఆ 'లెట్' కార్డు చివర ఆయన చేతిరాతతో 'ఇప్పుడు వాడుకలో లేదు' అని ఉంది. అది కొట్టేసి, కింద ఉదాహరణగా ఆయన చీటీ అంటించాను.

నీ చిట్టి