అట్టడుగు మేకు

హాల్డెన్‌షా,
3 మే 1976.

నాయనా నెవిల్,

నీ మోకాళ్ళు పదికాలాలపాటు చల్లగా ఉండాలని దీవిస్తూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. నువ్వూ కులాసాయే అనుకుందామంటే, శనివారం ఆట అయ్యాక ఇంటి గడప తొక్కకుండా తిన్నగా మీ జట్టు బస్సెక్కి పోయినవాడి కులాసా ఏపాటిదో నాకు తెలియదా? నీకోసం మాంసం కూరి కాల్చిన రొట్టె మీ నాన్న ఒక్కడే ఖాళీ చేశాడు. కొడుకు రాలేదన్న దిగులుతో ఎంత తింటున్నానో చూసుకోలేదు అన్నాడు.

ముందు మంచి సంగతి. మైదానం గేటు పక్కన లీగ్ పట్టిక బోర్డు ఉందే, శనివారం పొద్దుటిదాకా మన క్లబ్బు పలక దానిలో అట్టడుగు మేకుకే వేలాడింది. ఇప్పుడు పై మేకుకు ఎక్కింది. ఒక్క మేకే గానీ, ఊరంతా పెళ్ళికి వచ్చినట్టు వచ్చి చూసిపోతున్నారు. పలక ఎక్కించింది మీ నాన్నే. నిచ్చెన దిగాక వంకర ఉందని మళ్ళీ ఎక్కాడు.

అట్టడుగున మిగిలితే లీగ్ నుంచే పోయేవాళ్ళం. లీగ్ లేని క్లబ్బుకు మైదానం దేనికని, బస్సుల షెడ్డు కట్టడానికి కొలతలు కూడా వేసుకుపోయారు. మా తాతా, ఆయన తోటి నేతపనివాళ్ళూ 1889లో మిల్లు దిగి వచ్చి, పశువుల బీడు చదును చేసి పెట్టిన క్లబ్బు ఇది. ఇన్నేళ్ళలో సాధించిందల్లా 1938లో మూడో స్థానం. ఆ వేసవంతా మీ నాన్న నన్ను షికారుకని తీసుకెళ్ళి ఆ మూడో మేకునే చూపించేవాడు. అయినా పెళ్ళి చేసుకున్నాను.

శనివారం మాకు డ్రా చాలు. మీ జట్టుకు గెలిచినా ఓడినా నాలుగో స్థానమే. ఇటూ గోల్ లేదు, అటూ లేదు, ఇంకాసేపట్లో గండం గట్టెక్కుతుందనగా మనవాడొకడు బంతికి చెయ్యి తగిలించాడు. పెనాల్టీ. కొట్టేది నువ్వు. నేను మైదానం పక్క నా టీ కొట్టులో కప్పు నిండినా చూసుకోక పోస్తూనే ఉన్నాను. మన గోలీ డెస్మండ్ గాల్లోకి దూకి బంతిని అవతలికి నెట్టాడు. అంతే, నిలిచాం.

ఇక నీ బాధ సంగతి. నా కోడలు గ్వెన్ ఫోన్ చేసి అంతా చెప్పింది. మీ కోచ్ అందరి ముందూ, నువ్వు ఏ ఊరి పాలు తాగి పెరిగావయ్యా అని అడిగాడట. అమ్మ ఊరని కావాలనే గోలీ చేతికి కొట్టావని మీవాళ్ళంటున్నారట. నువ్వేమో అన్నం మానేసి, నా కాళ్ళలో సత్తువ చచ్చింది, ఇక బూట్లు విప్పేస్తానని కూర్చున్నావట. కోడలి మాట కాదు, నా గొంతు విను అని రిసీవరు నీ చెవి దగ్గర పెట్టమన్నాను. నువ్వు లేచి పెరట్లోకి పోయావు.

ఇక్కడి వాళ్ళు అంతకంటే ఘనులు. కావాలనే కొట్టాడు, బంగారం లాంటి పిల్లాడు అంటూ నీ పేరు చెప్పి తాగుతున్నారు. క్లబ్బు అధ్యక్షుడు క్రాషా నీ ఫోటో గోడకు తగిలిస్తానన్నాడు. నేను తిన్నగా వెళ్ళి, మావాడిని మెచ్చుకుంటున్నారా, దొంగని చేస్తున్నారా అని అడిగాను. మీ నాన్న కూడా కల్పించుకుని, మావాడు మోసం చేసే రకం కాదయ్యా, గురి తప్పే రకం అన్నాడు. ఆ పూట ఆయనకు టీ ఇవ్వలేదు.

నువ్వు కొట్టిన దెబ్బ గట్టి దెబ్బ, నాయనా. డెస్మండ్ మణికట్టు ఇంకా వాచి ఉంది. కొళాయిల పనితో బతికేవాడు, పంపు బిగించడానికి వాడికి ఎడమ చెయ్యే దిక్కయింది. అలాంటి కాలున్నవాడు ఆట మానడం ఏమిటి? అన్నం తిను. ఆదివారం గ్వెన్‌ని తీసుకుని రా.

నీ మేలు కోరే,
అమ్మ
విన్నీ

తా.క. ఈ సంగతి రాయకుండా కవరు అంటిద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఆటకు ముందు గురువారం డెస్మండ్ టీకి వచ్చి, పెనాల్టీ అంటూ పడితే మీవాడే కొడతాడు పిన్నీ, నా గతేం కాను అని మొహం వేలాడేసుకున్నాడు. చిన్నప్పటినుంచీ నువ్వు ఏ మూలకు కొట్టదలిస్తే ఆ వైపు కాలి మేజోడు పైకి లాక్కుంటావు. వాడికి చెప్పేశాను. మీకు పోయేదేమీ లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, నీ పరువు పోతుందని తట్టలేదు. అందుకే ఇదే మాట మీ కోచ్‌కు వేరే కవరులో రాసి, సంతకం పెట్టి, పొద్దునే పోస్టు చేశాను. తిట్టదలిస్తే ఆదివారం వచ్చి తిట్టు, కడుపు నిండాక. వచ్చే ఏడు మన మీద ఆడేలోగా ఆ అలవాటు మార్చుకో. కొత్తది ఏమిటో మాత్రం నాకు చెప్పకు.