రిజ్వానా గురించి ఐదు వాక్యాలు

నల్లగొండ,
19 జూలై 2023

అక్కకు వందనాలు.

ఇక్కడ మూడు రోజులుగా ముసురు. బట్టలు గదిలోనే తాడు కట్టి ఆరేశాను. పొద్దున క్లాసు, మధ్యాహ్నం మంచాన పడ్డ ముసలివాళ్లను పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం బొమ్మ మీద నేర్చుకోవడం, సాయంత్రం అక్షరాలు దిద్దడం. నా ఒంట్లో బాగానే ఉంది. మీ ఇంట్లోనూ అందరూ బాగున్నారనుకుంటాను.

జపాను భాష ఎట్లా ఎక్కుతున్నదని అడిగావు. మాటల వరుస మనదే, పని చెప్పే మాట చివరకు వస్తుంది. 'ఇంట్లో', 'ఇంటికి' అన్నట్టు వాళ్లూ పేరు వెనక చిన్న ముక్క తగిలిస్తారు. మనుషులు ఉంటే ఒక మాట, వస్తువులు ఉంటే ఇంకో మాట. కష్టమంతా రాతలో. నలభై ఆరేసి అక్షరాలు రెండు వరుసలు. ఒకటి వాళ్ల మాటలకు, రెండోది బయటి మాటలకు. నా పేరు రెండో దాంట్లో రాస్తాను. ఇవి కాక బొమ్మల్లాంటి అక్షరాలు వేలల్లో ఉన్నాయి. ఏ గీత ముందో, ఏది వెనకో కూడా తప్పకూడదు.

అది నాకు పట్టించింది నా గదిలో ఉండే రిజ్వానా. హుజూర్‌నగర్ అమ్మాయి, క్లాసులో అందరికన్నా ముందు. "ఏందే, అక్షరం రాస్తున్నవా, ముగ్గేస్తున్నవా? మీదికెళ్లి కిందికి గుంజు" అని చెయ్యి పట్టి రాయించేది.

ఇంటర్వ్యూ సంగతి ఎందుకు రాయలేదన్నావు. జపానులో ముసలివాళ్లను చూసుకునే పనికి నన్ను తీసుకున్నారు. నవంబరులో ప్రయాణం. మా ఇద్దరిలో ఒకరికే జాగా ఉండింది.

ఆ రోజు జపాను నుంచి వచ్చినవాళ్లు ముందు నన్ను పిలిచారు. నీ గదిలో ఉండే మనిషి గురించి జపాను భాషలో ఐదు వాక్యాలు చెప్పమన్నారు. రిజ్వానా నా స్నేహితురాలు. ఆమెది హుజూర్‌నగర్. ఆమెకు రెండేళ్ల కూతురు ఉంది. కూతురు అమ్మమ్మ దగ్గర ఉంది. రిజ్వానా రోజూ ఏడుస్తుంది. ఒక్క తప్పు లేకుండా చెప్పాను. వాళ్లు రాసుకున్నారు.

తర్వాత మా నాగేందర్ సారు ఆమెతో, "చిన్నపిల్ల తల్లివి, నడుమల వాపస్ వస్తవని వాళ్ల ఫికర్" అన్నాడు.

ఆమె గదికి వచ్చి, "నాకు బిడ్డ ఉన్నదని నేనెక్కడ చెప్పలే. వాళ్లకెట్ల ఎరుకైంది?" అని అడిగింది.

"ఫారంల రాసినవేమో."

"రాయలే. నువ్వేమన్న అన్నవా?"

"నన్ను అడగనే లేదు."

"పోనీ తియ్యి. నువ్వన్న మంచిగ పోయిరా."

అక్కా, 'ఆమెకు బాగా వచ్చు' అనే మాట కూడా నాకు తెలుసు. నేర్పింది ఆమే. నోటిదాకా వచ్చింది. చెబితే ఆమెనే తీసుకుంటారని ఆపుకున్నాను. బిడ్డ సంగతి చెబితే ఆమెను తీసుకోరని తెలిసే చెప్పాను. సారుకు ఇప్పుడు చెబితే నా ప్రయాణం ఆగుతుందేమో. ఆమె నంబరు ఉంది, ఫోను చేయలేదు. ఇద్దరం కలిసి వల్లించే పాఠంలో నిన్న సాయంత్రం ప్రశ్న నేనే అడిగి జవాబు నేనే చెప్పుకున్నాను.

రిజ్వానా నిన్న, మంగళవారం, పొద్దున ఏడున్నర బస్సుకు వెళ్లిపోయింది.

ఇట్లు,
నీ చెల్లె
స్వర్ణ